అప్పీలు నంబరైంది కదా, ఇంక పొలం వేలం ఎట్లా వేస్తారు?

శింగనమల వైపు పల్లె నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెబుతాను. ప్రోనోటు మీద దావా పడింది. అనంతపురం సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో అసలు, వడ్డీ, ఖర్చులు కలిపి దాదాపు 8 లక్షల 20 వేలు కట్టాలని డిక్రీ అయింది. గడువులోపలే జిల్లా కోర్టులో అప్పీలు వేశారు, నంబరు కూడా పడింది. ఇప్పుడు గెలిచినవాళ్లు ఈపీ (డిక్రీ అమలు చేయించమని అడిగే పిటిషన్) వేసి నాలుగెకరాల పొలం జప్తు చేయించారు. వేలం షరతులు ఖరారు చేయడానికి నోటీసు వచ్చింది, వాయిదా మూడు వారాల్లో ఉంది. "అప్పీలు నడుస్తుండగా ఇట్లా చేయొచ్చా? అప్పీలు వేశాం కదా, భయపడొద్దు అని మావాళ్లు అంటున్నారు, నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. చేయొచ్చు. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 5వ రూలు మొదలయ్యేదే ఆ మాటతో. ఆపాలంటే అప్పీలులోనే విడిగా స్టే (అమలు ఆపే ఆదేశం) కోసం ఐఏ, అంటే మధ్యంతర పిటిషన్, వేయాలి. దాని మీద ఆర్డరు రావాలి. ఆ ఆర్డరులో పెట్టిన షరతు మీరు నెరవేర్చాలి. ఆ కాగితం ఈపీ నడుస్తున్న కోర్టుకు చేరాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఈపీ దారి ఈపీదే. మీది డబ్బు డిక్రీ కాబట్టి ఒక్క రూపాయి కట్టకుండా స్టే వస్తుందని నమ్ముకోవద్దు. ఈ రోజు నుంచే డబ్బు గురించి, జామీను గురించి ఆలోచించండి.

నేను అనంతపురం కోర్టుల్లో 27 ఏళ్లుగా సివిల్ కేసులే చూస్తున్నాను. ఓడినవాళ్ల తరఫునా నిలబడ్డాను, గెలిచి డిక్రీ చేతపట్టుకుని ఏళ్ల తరబడి తిరిగినవాళ్ల తరఫునా నిలబడ్డాను. అందుకే చట్టం ఎందుకు ఇట్లా పెట్టిందో నాకు అర్థమవుతుంది. అప్పీలు వేయగానే అన్నీ ఆగిపోయేటట్లయితే ఓడిన ప్రతివాళ్లూ అప్పీలు వేసి కూర్చుంటారు. గెలిచినాయనకు చేతిలో కాగితం తప్ప ఏమీ మిగలదు. అందుకని కోర్టు ఇద్దరినీ చూస్తుంది: అప్పీలుదారు రేపు గెలిస్తే అతని ఆస్తి అతనికి మిగిలి ఉండాలి, ఓడిపోతే అవతలివాళ్ల డబ్బు వాళ్లకు చేరేటట్లు ఉండాలి. స్టే పిటిషన్‌లో జడ్జిగారు చూసేది ఇదే. మీ కేసులో ఎంత బలం ఉందన్నది దాని తర్వాతి మాట.

5వ రూలులోని మూడో సబ్‌రూలు మూడు సంగతులు అడుగుతుంది. స్టే ఇవ్వకపోతే మీకు గట్టి నష్టం జరుగుతుందా, ఆలస్యం చేయకుండా వచ్చారా, డిక్రీ చివరికి నిలబడితే చెల్లిస్తానని సెక్యూరిటీ ఇచ్చారా. మొదటిదాని దగ్గర చాలామంది పొరపాటు పడతారు. అఫిడవిట్‌లో "పూడ్చలేని నష్టం కలుగుతుంది" అని ఒక్క ముక్క రాయించి ఊరుకుంటారు. అది అందరి అఫిడవిట్‌లలోనూ ఉండే వాక్యం, ఏ జడ్జినీ కదిలించదు. డబ్బు కట్టాల్సి రావడమే నష్టం అంటే కోర్టు ఒప్పుకోదు. ఆ పొలం సర్వే నంబరు, అందులో బోరు ఎప్పుడు వేశారు, ఏ పంట పెడతారు, ఇంట్లో ఎంతమంది దాని మీద బతుకుతున్నారు, వేరే భూమి ఉందా లేదా, ఇవి రాయించండి. అవతలివాళ్లకు చెప్పుకోదగిన ఆస్తి లేకపోతే, రేపు అప్పీలు గెలిచినా డబ్బు వెనక్కి రాబట్టుకోలేమని అది కూడా రాయించండి. 1బి, అడంగల్ (భూమి రికార్డులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే కాగితం) జత చేయండి. నేను చూసినంతలో స్టే పిటిషన్లకు బలం వచ్చేది ఇలాంటి వివరాలతోనే.

ఇక డబ్బు సంగతి. డబ్బు డిక్రీ మీద అప్పీలు వేసినవాళ్లు వివాదంలో ఉన్న మొత్తాన్ని కోర్టు ఇచ్చిన గడువులో డిపాజిట్ చేయాలి, లేదా సెక్యూరిటీ ఇవ్వాలి అని 41వ ఆర్డరు 1వ రూలు మూడో సబ్‌రూలు చెబుతుంది. అట్లా చేయకపోతే స్టే ఇవ్వకూడదని 5వ రూలు అయిదో సబ్‌రూలు చెబుతుంది. డిపాజిట్ చేయనంత మాత్రాన అప్పీలు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 1998 నాటి తీర్పులోనే తేల్చింది. అంటే మీ అప్పీలు బతికే ఉంటుంది, పొలం మాత్రం పోవచ్చు. నా అనుభవంలో ఎక్కువసార్లు వచ్చే ఆర్డరు ఇది: డిక్రీ మొత్తంలో సగం, దాంతోపాటు ఖర్చులు, నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో డిపాజిట్ చేయాలి, మిగతాదానికి సెక్యూరిటీ ఇవ్వాలి. మీ లెక్కన నాలుగు లక్షల పైచిలుకు. అంత చేతిలో లేకపోతే ఎంత కట్టగలరో, ఎన్ని వాయిదాల్లో కట్టగలరో అఫిడవిట్‌లోనే నిజం చెప్పండి. జప్తులో లేని ఆస్తి ఉన్న అన్నదమ్ములో, మేనమామో జామీను నిలబడతానంటే పాసుపుస్తకం, ఈసీ, తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ (ఆస్తి స్థోమత ధ్రువపత్రం) ముందే సిద్ధం చేసుకోండి. ఆర్డరు వచ్చాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెడితే గడువు అక్కడే కరిగిపోతుంది.

డిపాజిట్ గురించి మరొక మాట. స్టే కోసం కట్టిన డబ్బు బాకీ తీర్చినట్టు కాదు. వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అందుకని ఆ మొత్తాన్ని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టమని మెమో వేయమని మీ లాయరు గారిని అడగండి. లేకపోతే అది కోర్టు ఖాతాలో వడ్డీ లేకుండా ఏళ్లు పడి ఉంటుంది. అవతలివాళ్లు దాన్ని తీసుకుంటామని పిటిషన్ వేస్తే, సెక్యూరిటీ ఇచ్చాకే ఇవ్వమని మీరు అడగొచ్చు.

మీకు వచ్చింది వేలం నోటీసు కాబట్టి ఇంకొక దారి కూడా ఉంది, దీన్ని చాలామంది వాడుకోవడం లేదు. 41వ ఆర్డరు 6వ రూలు రెండో సబ్‌రూలు. స్థిరాస్తి అమ్మకానికి ఆర్డరు అయ్యి, ఆ డిక్రీ మీద అప్పీలు పెండింగ్‌లో ఉంటే, ఓడినాయన అడిగినప్పుడు అమ్మకానికి ఆర్డరిచ్చిన కోర్టే తగిన షరతుల మీద ఆ అమ్మకాన్ని అప్పీలు తేలేదాకా ఆపాలి. అక్కడ చట్టం వాడిన మాట "ఆపవచ్చు" కాదు, "ఆపాలి". షరతు ఏమిటన్నదే కోర్టు చేతిలో ఉంటుంది. పైకోర్టులో ఐఏ వాయిదాల మీద వాయిదాలు పడుతూ, ఇక్కడ ఈపీలో వేలం తేదీ పడిపోతే ఇది అక్కరకొస్తుంది. అట్లాగే డిక్రీని అమలు కోసం వేరే కోర్టుకు పంపి ఉంటే, పైకోర్టు నుంచి స్టే తెచ్చుకోవడానికి కొన్నాళ్లు టైమ్ ఇమ్మని ఆ ఈపీ కోర్టునే అడగడానికి 21వ ఆర్డరు 26వ రూలు ఉంది. కొద్ది రోజుల ఊపిరి దొరుకుతుంది.

మీరు మాత్రం ఈపీ వాయిదాకు తప్పకుండా హాజరు కండి. అప్పీలు వేశాం, ఈపీతో మనకేం పని అని వెళ్లకుండా ఉండేవాళ్లను చూసి చాలాసార్లు బాధపడ్డాను. మీకు వచ్చిన ఆ నోటీసు 21వ ఆర్డరు 66వ రూలు కింద ఇచ్చేది, దాని ఉద్దేశమే పొలం విలువ ఎంత, దాని మీద ఏమైనా అప్పులు ఉన్నాయా అని మీ మాట కూడా వినడం. మీరు పోకపోతే అవతలివాళ్లు రాసిన విలువ ఒక్కటే కోర్టు ముందు ఉంటుంది. ఎకరా పది లక్షలు పలికే భూమిని మూడు లక్షలని రాస్తారు, కాదని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఇంకా ముఖ్యంగా, 64వ రూలు ప్రకారం డిక్రీ మొత్తం తీరడానికి ఎంత భూమి అవసరమో అంతే అమ్మాలి. ఒక ఎకరా అమ్మితే తీరిపోయే బాకీకి నాలుగెకరాలూ వేలానికి పెట్టడం తప్పు. ఈ అభ్యంతరం రాతపూర్వకంగా కౌంటర్‌లో (ఈపీకి మీరిచ్చే జవాబులో) ఉండాలి, నోటితో చెబితే చాలదు. మీరు రైతు కాబట్టి మీరు కాపురముంటున్న ఇంటిని, సేద్యపు పనిముట్లను, ఎద్దులను, విత్తనాలను 60వ సెక్షన్ జప్తు నుంచి కాపాడుతుంది. ఎవరైనా వాటినీ జప్తు చేయిస్తామని భయపెడితే ఈ సెక్షన్ చూపించండి.

వేలం అయిపోతే ఏమవుతుందని కూడా అడిగారు. అమ్మిన 60 రోజుల్లోపల వేలం ప్రకటనలో రాసిన బాకీ మొత్తం, కొన్నవాళ్లకు వేలం సొమ్ములో 5 శాతం కోర్టులో కడితే 89వ రూలు కింద అమ్మకం రద్దవుతుంది. అది దాటి సేల్ కన్ఫర్మ్ అయ్యాక, అంటే అమ్మకాన్ని కోర్టు ఖాయం చేశాక, మీరు అప్పీలు గెలిచారనుకోండి. పొలం కొన్నది డిక్రీదారే అయితే 144వ సెక్షన్ కింద వెనక్కి ఇప్పించమని అడగొచ్చు. కేసుతో సంబంధం లేని బయటివాళ్లు వేలంలో కొని ఉంటే ఆ భూమి మీకు తిరిగి రావడం బహుకష్టం, చట్టం ఆ కొన్నవాళ్లను కాపాడుతుంది. మీకు డబ్బు రావచ్చేమో గానీ పొలం రాదు. స్టే కోసం ఇంత తొందర చేయమనేది అందుకే.

ఒక కేసు చెబుతాను. చాలా ఏళ్ల కిందట కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన అప్పీలు వేరే ఊళ్లో వేరేవాళ్లు చూశారు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర కాగితం చిరిగి, చెమటకు అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. "స్టే ఉంది సార్, ఇదిగో. మరి నా చేను ఎట్లా వేలం వేశారు?" అన్నాడు. అది నిజంగానే స్టే ఆర్డరు. చివరి పేరాలో ఒక్క వాక్యం ఉంది: ఆరు వారాల్లో సగం డిపాజిట్ చేయాలి, చేయకపోతే ఈ స్టే దానంతట అదే రద్దవుతుంది. ఆర్డరు ఇంగ్లీషులో ఉంది. ఆయనకు చదవడం రాదు. "స్టే వచ్చింది పోండి" అన్న మాట ఒక్కటే ఆయన విన్నాడు. ఆ ఏడాది వేరుశనగ అమ్మిన డబ్బు ఇంట్లోనే ఉందట, అడిగి ఉంటే కట్టేవాణ్నే అన్నాడు. గడువు తీరి అప్పటికి ఏడు నెలలు. బయటివాళ్లు కొన్నారు, సేల్ కన్ఫర్మ్ అయిపోయింది. ఆ కాగితాన్ని మళ్లీ అదే మడతల మీద మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను ఏమీ చేయలేకపోయాను. ఆ రోజు నుంచి నా దగ్గర స్టే వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎంత కట్టాలి, ఏ తేదీలోపల, ఏ కోర్టులో అన్నది తెలుగులో రాసి చేతికిస్తున్నాను, ఇంట్లో ఇంకొకరికి ఫోన్ చేసి చెబుతున్నాను. మీరూ మీ లాయరు గారిని అట్లా రాసివ్వమని అడగండి, మొహమాటపడొద్దు. గడువులోగా డబ్బు సమకూరదని తెలిస్తే గడువు తీరకముందే టైమ్ పొడిగించమని పిటిషన్ వేయించండి. తీరాక వేస్తే కోర్టు వేరేగా చూస్తుంది.

ఆర్డరు వచ్చిన తర్వాత అది కింది కోర్టుకు చేరడం గురించి కూడా చెప్పాలి. స్టే అనేది ఈపీ కోర్టుకు ఇచ్చే ఆదేశం, ఆ కోర్టుకు తెలిసిన దగ్గర నుంచే అది పని చేస్తుంది. ఈ మాట సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. తెలియకముందు కోర్టు చేసిన పని మామూలుగా చెల్లుతుంది. అయితే 5వ రూలు కింద ఇచ్చిన వివరణలో ఒక మంచి వెసులుబాటు ఉంది: పైకోర్టు నుంచి ఆర్డరు అందేలోపల, స్టే వచ్చిందని నాకు స్వయంగా తెలుసు అని అప్పీలుదారు ప్రమాణం చేసి అఫిడవిట్ ఇస్తే, కింది కోర్టు దాన్ని బట్టి నడుచుకోవాలి.

హైకోర్టు ఇంకా హైదరాబాదులో ఉన్న రోజుల్లో దీంతోనే ఒక ఇల్లు నిలిచింది. ఇల్లు ఖాళీ చేసి అప్పగించాలని డిక్రీ. జిల్లా కోర్టులోనూ ఓడి సెకండ్ అప్పీలు వేశాం. మా క్లయింటు స్వయంగా హైదరాబాదు పోయి కోర్టు హాల్లో నిలబడి స్టే అన్న మాట చెవులారా విన్నాడు. కాపీ రావడానికి రోజులు పడుతుంది, ఇక్కడ మరుసటి రోజే అమీనా (కోర్టు ఆదేశాలు అమలు చేసే ఉద్యోగి) డెలివరీకి, అంటే ఇల్లు ఖాళీ చేయించి అప్పగించడానికి, వస్తున్నాడు. రాత్రి బస్సెక్కి తెల్లారి ఏడింటికి మా ఇంటి గడప దగ్గర దిగాడు. మొహం కూడా కడుక్కోకుండా కూర్చుని ఏ హాల్లో, ఏ నంబరు కేసు, జడ్జిగారు ఏమన్నారు, ఎన్ని గంటలకు అన్నీ చెప్పాడు. టైపు చేయించి పదిన్నరకల్లా కోర్టులో పెట్టాం. అప్పటికే అమీనా ఆ ఇంటి దగ్గర ఉన్నాడు. మా గుమాస్తా కోర్టు మెమో పట్టుకుని స్కూటర్ మీద పోయేసరికి మంచాలు, బియ్యం మూటలు, కుట్టుమిషను వీధిలో ఉన్నాయి. ఆయమ్మ తులసికోట కుండీని రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉందట. అమీనా మెమో చదివి, పుస్తకంలో రాసుకుని, సామాను లోపల పెట్టుకోమన్నాడు. ఇంకొక అరగంట ఆలస్యమైతే డెలివరీ పూర్తయ్యేది. పూర్తయిన డెలివరీకి స్టే లేదు.

ఇప్పుడు హైకోర్టు అమరావతిలో ఉంది, ఆర్డర్లు ఆన్‌లైన్‌లో పడుతున్నాయి, ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు) కొడితే మీ ఈపీ వాయిదా మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. అయినా ఎవరో చూసుకుంటారులే అనుకోకుండా ఆర్డరు కాపీని మీరే ఈపీ కోర్టులో మెమోతో వేయించండి. అవతలివాళ్ల లాయరుకు కూడా ఒకటి ఇచ్చి సంతకం తీసుకోండి.

ఇదే ప్రశ్న కింద ఇంకొందరు తమ సంగతులు రాశారు, వాళ్ల కోసం నాలుగు మాటలు. షాపు ఖాళీ చేయాలని డిక్రీ అయిన అద్దెదారులు స్టే అడిగితే పాత అద్దె కడుతూ ఉంటే సరిపోతుందనుకోవద్దు. 2004 డిసెంబరులో ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు, డిక్రీ తేదీ నుంచి మార్కెట్ అద్దె లెక్కన పరిహారం కట్టమని షరతు పెట్టొచ్చంది. మీరు వేసిన దావాయే కొట్టేశారనుకోండి, అక్కడ అమలు చేయడానికి ఏమీ లేదు, స్టే అడిగి లాభం లేదు. అప్పీలులో ఇంజంక్షన్‌గానీ, ఉన్నది ఉన్నట్టు ఉంచమనిగానీ అడగాలి. గడువు దాటి అప్పీలు వేసినవాళ్లకు ఆలస్యం మాఫీ తేలి, అప్పీలు విచారణకు తీసుకుంటామని కోర్టు అనేదాకా స్టే రాదు. 41వ ఆర్డరు 3ఏ రూలు అట్లా ఉంది. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు, కాపీకి పట్టిన రోజులు మినహాయిస్తారు. కాబట్టి తీర్పు వచ్చిన రోజే కాపీ అప్లికేషన్ వేయండి. అప్పీలు గడువు తీరకముందు తీర్పు ఇచ్చిన కోర్టునే కొన్నాళ్లు అమలు ఆపమని కూడా అడగొచ్చు.

స్టే ఆరు నెలలకు దానంతట అదే పోతుందని కొందరు ఇంకా చెబుతున్నారు. 2018 నాటి తీర్పు వల్ల అట్లా ఉండేది, 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల బెంచి దాన్ని పక్కన పెట్టింది. ఆర్డరులోనే తేదీ రాసి ఉంటే మాత్రం ఆ తేదీయే లెక్క. ఇంకొక వైపు, ఈపీలు ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పాక ఈపీ కోర్టులు మునుపటంత నెమ్మదిగా పోవడం లేదు.

శింగనమల ఆయనకు మళ్లీ చెబుతున్నాను. రేపు పొద్దున్నే మీ లాయరు గారి దగ్గరకు వెళ్లి అప్పీలులో స్టే ఐఏ నిజంగా వేశారా లేదా, వేసి ఉంటే దాని నంబరు ఏమిటి అని అడగండి. అవతలివాళ్లు కేవియట్ వేశారేమో కనుక్కోమనండి. వేసి ఉంటే వాళ్లను వినకుండా ఆర్డరు రాదు, కాబట్టి కాపీలు ముందే ఇచ్చేయాలి. పిటిషన్ వేయకపోయి ఉంటే కోపం తెచ్చుకుని రోజులు పోగొట్టుకోవద్దు, ఈ వారంలోనే వేయించండి. అర్జెంటుగా వినమని అడగడానికి ఆ వేలం నోటీసు కాపీయే మీ ఆధారం. ఈపీలో కౌంటర్ వేసి, పొలం విలువ చూపించే కాగితాలు, మీ పక్క చేను ఈ మధ్య రిజిస్ట్రేషన్ అయి ఉంటే ఆ దస్తావేజు నకలు జత చేయండి. డబ్బు ఎంత తేగలరో ఇంట్లో కూర్చుని నిజమైన అంకె ఒకటి తేల్చుకుని వెళ్లండి. లాయరు ఆ అంకె పట్టుకునే కోర్టులో మాట్లాడగలడు. వాయిదా నాటికి ఏమైందో ఇక్కడే రాయండి, తర్వాతి అడుగు చెబుతాను.